దగ్గరగా సముద్రం ఉందా అని కాదు, మీరు పాయకు ఏ ఒడ్డున ఉన్నారో చూసుకోండి

మాఘమాసం అంతర్వేది తీర్థానికీ, వేసవి సెలవులకీ గోదావరి తీరానికి వచ్చేవాళ్లు ఈసారి ఎక్కువగా అడిగింది ఒకటే: బస ఎక్కడ? వచ్చిన ప్రశ్నల్లోంచి నలుగురికీ పనికొచ్చేవి తీసుకుని జవాబిస్తున్నాం.

ప్రశ్న: హైదరాబాదు నుంచి ఆరుగురం వస్తున్నాం. అమ్మానాన్నలకు డెబ్భై దాటాయి, పిల్లలు చిన్నవాళ్లు. అంతర్వేది దర్శనం, సముద్ర సంగమం, ఒక పూట పడవ షికారు చేయాలని ఉంది. రెండు రాత్రులు ఉంటాం. అంతర్వేదిలోనే దిగమని ఒకరు, దిండి అని ఒకరు, నరసాపురం అని ఇంకొకరు చెబుతున్నారు. ఎక్కడ దిగితే మంచిది?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

మీ ఆరుగురికైతే దిండి అమ్మా. రెండు రాత్రులూ అక్కడే ఉండండి, సామాను మార్చుకునే పని పెట్టుకోకండి.

ముందు పటం ఒకసారి చూడండి. అంతర్వేది వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, తూర్పు ఒడ్డున ఉంది. నరసాపురం అదే పాయకు పడమటి ఒడ్డున ఉంది. పటం మీద రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో మాత్రం గోదావరి ఉంది, అక్కడ వంతెన లేదు. నరసాపురం పక్క మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు మీద దాటాలి. పంటు మీదికి కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు కూడా ఎక్కిస్తారు. పగటిపూట వాతావరణం బాగుంటే ఆ దాటడం పిల్లలకు పండగే. కానీ వరదొస్తే పంటు ఆపేస్తారు, గాలి ఎక్కువైనా ఆపుతారు, రాత్రి ఒక వేళ దాటాక అసలు ఉండదు. అప్పుడు దిగమర్రు, చించినాడ వంతెన, మలికిపురం మీదుగా చుట్టూ తిరిగి రావాలి. గంటకు పైనే పడుతుంది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని రోజూ పంటును నమ్ముకోవడం మేం సలహా ఇవ్వం. ఇంకో చిన్న సంగతి. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, నీళ్లు తగ్గి రేవు వాలు నిటారుగా అవుతుంది. అడుగు కిందికి ఉండే కార్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గీసుకుంటాయి. నిండా జనంతో ఎక్కించకుండా అందరినీ దింపి డ్రైవరు ఒక్కడే ఎక్కించాలి.

ఇక అంతర్వేదిలోనే బస. దేవస్థానం గదులున్నాయి, సత్రాలున్నాయి. తెల్లవారుజామునే దర్శనం కావాలన్న పట్టుదల ఉంటే ఒక రాత్రి అక్కడ ఉండొచ్చు. గది శుభ్రంగానే ఉన్నా పెద్దవాళ్లకు రెండు ఇబ్బందులు. తీరం కాబట్టి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, స్నానం చేశాక ఒళ్లు జిడ్డుగా అనిపిస్తుంది. తాగడానికి క్యాను నీళ్లే. రెండోది, రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే పెద్ద ఆసుపత్రి కోసం రాజోలు లేదా అమలాపురం దాకా వెళ్లాలి.

దిండి వశిష్ఠకు తూర్పు ఒడ్డునే ఉంది కాబట్టి అంతర్వేదికి పాయ దాటక్కర్లేదు. రోడ్డు మీద ముప్పావు గంట, మహా అయితే గంట. పడవ షికారూ దిండిలోనే. పర్యాటక శాఖ రిసార్టుతోపాటు ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి, హౌస్‌బోట్లూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి: దిండిలో సముద్రం కనబడదు. కిటికీ తీస్తే గోదావరి, కొబ్బరితోటలు కనిపిస్తాయి. "బీచ్ రిసార్టు" అన్న ఆశతో వచ్చి నిరుత్సాహపడేవాళ్లు చాలామంది. సముద్రం కోసం మీరు అంతర్వేది వెళ్లాలి.

రైల్లో వస్తుంటే నరసాపురం దాకా పోకండి. నరసాపురం ఎక్స్‌ప్రెస్ పాలకొల్లులో ఆగుతుంది. అక్కడ దిగితే చించినాడ వంతెన దాటి దిండి దగ్గరే. ట్యాక్సీ వాళ్లకు ముందురోజే ఫోన్ చేసి మాట్లాడుకోండి, తెల్లవారుజామున స్టేషన్లో బేరాలాడే పని ఉండదు. దారిలో పాలకొల్లు క్షీరారామలింగేశ్వరస్వామి దర్శనం కూడా అయిపోతుంది, పంచారామాల్లో ఒకటి.

రెండో రోజు పొద్దున ఆరింటికల్లా దిండిలో బయల్దేరండి. దర్శనం ముగించుకుని తొమ్మిదిలోపు సంగమం ఉండే అన్నాచెల్లెళ్ల గట్టుకు వెళ్లిపోవాలి. గుడి దగ్గర ఆటోలుంటాయి, చివర్న కొంత దూరం ఇసుకలో నడవాలి. ఎండెక్కాక ఆ ఇసుక చెప్పులున్నా కాలుతుంది. సంగమం దగ్గర స్నానం వద్దు. పాటు వేళ గోదావరి నీళ్లు సముద్రంలోకి గుంజుతాయి, పోటు వేళ సముద్రం ఎదురొస్తుంది. రెండూ ఢీకొనేచోట అడుగు ఇసుక రోజుకో తీరుగా కోసుకుపోతుంది. మోకాలి లోతులో నిలబడినవాడు మరో రెండడుగులు వేస్తే గుంటలో పడతాడు. ఈత వచ్చినా అక్కడ పనికిరాదు. తలమీద నీళ్లు చల్లుకుని వచ్చేయండి. పిల్లలు ఆడుకోవాలంటే గట్టుకు దూరంగా, సముద్రం వైపు, ఊరివాళ్లు చూపించినచోట కాళ్లు తడుపుకోనివ్వండి.

పోటు, పాటు రోజుకు రెండేసిసార్లు వస్తాయి. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. మీరు వెళ్లే రోజు పోటు ఎన్నింటికో రేవులో ఏ పడవ మనిషిని అడిగినా చెబుతాడు.

హౌస్‌బోటు ఎక్కేముందు ప్రతి ఒక్కరికీ, పిల్లలకు సరిపోయే కొలతల్లో కూడా, లైఫ్ జాకెట్లున్నాయో లేదో కళ్లారా చూడండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని గోదావరి జిల్లాల్లో ఎవరూ మరచిపోలేదు. వరద హెచ్చరిక ఉన్నప్పుడు "ఫరవాలేదండి, ఒక రౌండే" అని ఎవరన్నా ఒప్పుకోకండి.

ప్రశ్న: కాకినాడలో మూడు రోజులు ఉంటాం. బీచ్ రోడ్డు వైపు గది తీసుకుంటే సముద్రం దగ్గర ఉంటుందని అనుకున్నాం. బంధువులు వద్దంటున్నారు. భానుగుడి, మెయిన్ రోడ్డు, సర్పవరం, జగన్నాథపురం, ఏది మంచిది?
— కొత్తగా పెళ్లయిన జంట, ఖమ్మం

మీ బంధువులు చెప్పిందే సరైంది. బీచ్ ఉన్న వాకలపూడి వైపు ఎరువుల, నూనెల ఫ్యాక్టరీలున్నాయి. పోర్టుకు పోయే లారీలు రాత్రంతా నడుస్తాయి. ఒక్కోరోజు గాలి మళ్లితే వాసన గదిలోకి వస్తుంది. బీచ్‌లో సాయంత్రం కూర్చోవడానికి వెళ్లండి. పడుకోవడానికి మాత్రం ఊళ్లో గది తీసుకోండి.

కాకినాడ సముద్రం గురించి ఒక మాట. విశాఖలాంటి అలలు అనుకుంటే ఇక్కడ ఉండవు. ఊరికి ఎదురుగా హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడుగున అడ్డంగా ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగిన దిబ్బ అది. దానివల్ల లోపలి నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. పడవలకూ పోర్టుకూ అదే వరం. ఉత్తరంగా ఉప్పాడ వైపు పోతే ఆ అడ్డు తగ్గిపోతుంది, అలలు నేరుగా ఒడ్డుకు కొడతాయి. ఉప్పాడ రోడ్డు మాటిమాటికీ కోతకు గురవుతోంది అందుకే. ఆ దారిలో వెళ్లేటప్పుడు తుపాను రోజుల్లోనూ, అమావాస్య పౌర్ణముల పోటు వేళా రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

ఊళ్లో ఎక్కడన్నది మీరు ఏం చూడబోతున్నారో దాన్నిబట్టి. భోజనం, సినిమా, షాపింగు, ఏ వేళకైనా ఆటో కావాలంటే భానుగుడి జంక్షన్. మీ జంటకు అదే నప్పుతుంది. రోడ్డుకు ఆనుకున్న గది వద్దని, వెనక వైపు గది కావాలని గట్టిగా అడగండి. హారన్ల మోత రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది. మెయిన్ రోడ్డు, సినిమా రోడ్డు పాత బజారు. లాడ్జిలు చవక, కారు పెట్టడానికి మాత్రం చోటు కష్టం. సామర్లకోటలో రైలు దిగి వచ్చేవాళ్లకూ సొంత కారుతో వచ్చేవాళ్లకూ సర్పవరం, రమణయ్యపేట వైపు బాగుంటుంది. దారిలోనే తగులుతుంది, రోడ్లు వెడల్పు, గొడవ తక్కువ. రాత్రి తొమ్మిది దాటాక తిండికి మాత్రం భానుగుడికి రావలసిందే.

జగన్నాథపురం ఉప్పుటేరుకు అవతల ఉంది. కోరింగ అభయారణ్యం, యానాం ప్రధానంగా చూసేవాళ్లకు ఆ ఒడ్డు కలిసొస్తుంది, పొద్దున్నే వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా బయటపడొచ్చు. మంచి గదులు మాత్రం ఊరితో పోలిస్తే తక్కువ.

కోరింగ వెళ్లాలంటే పోటు వేళ చూసుకుని వెళ్లండి. మడ అడవి మధ్య చెక్కల వంతెన మీద ఎప్పుడైనా నడవొచ్చు. పడవ మాత్రం పాటు వేళ కాలువలో నీళ్లు చాలక తిరగదు. చాలామంది మిట్టమధ్యాహ్నం వెళ్లి బురద చూసి తిరిగొస్తారు. నిజానికి ఆ బురద కూడా చూడాల్సిందే, నీళ్లు తగ్గినప్పుడే మడచెట్ల ఊపిరి వేర్లు మేకుల్లా పైకి కనిపిస్తాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దోమలు విపరీతం.

ప్రశ్న: యానాంలో రాజీవ్ బీచ్ దగ్గర హోటల్ చూశాం. సముద్ర స్నానానికి పనికొస్తుందా?
— తాడేపల్లిగూడెం

రాదండి. పేరు బీచ్ అయినా అది గౌతమీ గోదావరి ఒడ్డు. సాయంత్రం నది ఒడ్డున నడవడానికి చాలా బాగుంటుంది, సముద్రం అక్కణ్నుంచి దిగువన ఉంది. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి మద్యం చవక, శని ఆదివారాలు గదులు అందుకే నిండిపోతాయి. కుటుంబంతో అయితే సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు సీసాలు కారులో ఆంధ్రలోకి తేవద్దు, ఎక్సైజు తనిఖీలుంటాయి, కారు కూడా పట్టుకుంటారు.

ప్రశ్న: పేరుపాలెం బీచ్‌కు నడిచి వెళ్లేంత దగ్గర గది దొరికింది. అద్దె తక్కువ. అంతకుముందు ఇలాంటి చోటే ఓసారి రాత్రంతా మోటార్ల చప్పుడుతో నిద్ర పట్టలేదు. అది దేని చప్పుడు? మళ్లీ అలా కాకుండా ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఏలూరు

అవి రొయ్యల చెరువుల ఏరియేటర్లు. మొగల్తూరు, నరసాపురం తీరంలో ఊళ్లను ఆనుకునే చెరువులుంటాయి. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ విడుస్తుంది. చీకటి పడ్డాక అదీ ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లారేముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్య నీటిపైకి తేలి చచ్చిపోతుంది, రైతు పంట పోతుంది. కాబట్టి రాత్రి అవి ఆగవు, ఆగకూడదు కూడా. కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు అందుకుంటాయి, వాటి మోత ఇంకా ఎక్కువ. పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, చెరువు నీళ్లు వదిలితే వాసన కూడా ఉంటుంది.

అందుకే గది ఎంత చవకైనా ఫోన్‌లో సూటిగా అడగండి: "చుట్టుపక్కల చెరువులున్నాయా? ఎంత దూరంలో?" మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే చతురస్రాలుగా కనబడేవి చెరువులే, వాటిలో తెల్లటి చుక్కల్లాంటి నురగ ఉంటే ఏరియేటర్లు తిరుగుతున్నట్టు.

గది చూసేటప్పుడు ఏసీ బయటి పెట్టె దగ్గరకు వెళ్లండి. వెనకవైపు సన్నటి అల్యూమినియం రేకులు వరసగా ఉంటాయి. సముద్రపు ఉప్పు గాలికి అవి తెల్లటి పొడి పట్టి, వేలు తాకిస్తే రాలిపోతుంటే ఆ ఏసీ ఫ్యాను తిరుగుతుంది గాని గది చల్లబడదు. చాలామంది రిమోటు నొక్కి గాలి వస్తోందని తృప్తిపడతారు. పది నిమిషాలు నడిపించి చూడండి. గీజరు కూడా అంతే, ఉప్పు నీటికి కాయిల్ త్వరగా పోతుంది. బకెట్టు నిండేదాకా వేడి వస్తుందా అని చూడాలి.

మా సలహా అడిగితే పేరుపాలెం సాయంత్రం చూడండి, పడక నరసాపురంలో వేసుకోండి. రెండూ వశిష్ఠకు పడమటి ఒడ్డునే ఉన్నాయి, కారులో ముప్పావు గంట లోపే. నరసాపురంలో స్టేషను, బస్టాండు దగ్గర తిండి సులువు. వలంధర రేవు వైపు గోదావరి గాలి వస్తుంది, దోమలు కూడా వస్తాయి, దోమతెర ఉన్న గది అడగండి. పగలు ఖాళీ ఉంటే అల్లికల లేసు దుకాణాలు చూడొచ్చు, నరసాపురం లేసుకు మంచి పేరుంది. కార్తీక మాసం ఆదివారాలు, సోమవారాలు మాత్రం పేరుపాలెం వెళ్లకండి, కారు తిప్పుకోవడానికే చోటుండదు.

ప్రశ్న: అమలాపురంలో దిగి ఒకే రోజు ఓడలరేవు, అంతర్వేది రెండూ చూడొచ్చా?
— రాజమహేంద్రవరం

చూడొచ్చు గాని రోజంతా కారులోనే గడుస్తుంది. ఓడలరేవు వైనతేయ పాయకు తూర్పున ఉంది. ఎదురుగా అవతలి ఒడ్డున కరవాక కంటికి కనబడుతుంది, అయినా రోడ్డు మీద వెళ్లాలంటే వెనక్కి వచ్చి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన దాటి, రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది చేరాలి. ఓడలరేవు, ఎస్.యానాం చూడాలంటే అమలాపురం మంచి బస. గడియారస్తంభం సెంటరు చుట్టూ తిండికి ఏ లోటూ లేదు. అంతర్వేది కోసం ఇంకో రాత్రి దిండిలోనో రాజోలులోనో పెట్టుకోండి. అమలాపురానికి రైలు లేదన్నది గుర్తుంచుకోండి, రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం మీదుగా బస్సులు వరసగా ఉంటాయి.

ప్రశ్న: ఏ నెలల్లో వస్తే బాగుంటుంది? పులస కూడా తినాలని ఉంది.
— బెంగళూరు

రెండూ కలవవండి. పులస ఎర్రనీటితో ఎదురెక్కి వస్తుంది, అంటే జూలై నుంచి సెప్టెంబరు. సరిగ్గా అదే గోదావరి వరదల కాలం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక ఎగరేశారంటే పంటు, పడవ షికారు మీద ఆశ వదులుకోండి. రెండోది దాటితే లంక గ్రామాల దారులు మునుగుతాయి, బస మార్చుకోవడం కూడా కష్టమే. పులస కోసమే వచ్చేటట్టయితే రోడ్డు మీద ఉండే ఊరిలో, యానాంలోనో నరసాపురంలోనో దిగండి, పాయ దాటే పనులేవీ పెట్టుకోకండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 కోనసీమను ఎలా తుడిచిపెట్టిందో పెద్దవాళ్లందరికీ తెలుసు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కూడా నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో గది తీసుకుంటే తుపాను హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కిస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అందులో రెండు గండాలు. సంక్రాంతి నాలుగు రోజులు కోనసీమ, భీమవరం అంతా చుట్టాలతో నిండిపోతుంది, గది అద్దెలు రెట్టింపు దాటుతాయి, రెండు నెలల ముందు పట్టుకుంటే తప్ప దొరకవు. రెండోది అంతర్వేది కల్యాణం. రథసప్తమి నుంచి మాఘ పౌర్ణమి దాకా ఉత్సవాలు. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రెండు రోజులూ వాహనాలు ఊరికి దూరంగా ఆపేస్తారు, పంటు దగ్గర బారులు తీరతాయి. కల్యాణం చూడాలనుకునేవాళ్లు అంతర్వేదిలోనే సత్రంలో దిగాలి, దిండి నుంచి వచ్చిపోవడం ఆ రెండు రోజులు కుదరదు. తీర్థం కోసం కాకపోతే పౌర్ణమి వెళ్లాక రండి.

ప్రశ్న: అడ్వాన్సు పంపేముందు ఫోన్‌లో ఏమేం అడగాలి?
— విజయవాడ

మొదట, "మీ లాడ్జి గోదావరికి ఏ ఒడ్డున ఉంది, నేను చూడబోయే ఊరికి వంతెన మీదుగా రావాలా, పంటు మీదుగానా" అని. తర్వాత స్నానానికి బోరు నీళ్లా, పంచాయతీ నీళ్లా అని. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను, లైటు వరకేనా అని. చాలాచోట్ల ఇన్వర్టరు ఫ్యానుకే, ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. పెద్దవాళ్లుంటే గది ఏ అంతస్తులో, లిఫ్టు ఉందా, పాశ్చాత్య మరుగుదొడ్డి ఉందా అడగండి, పాత లాడ్జిల్లో మెట్లే ఎక్కువ. చెకిన్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 లెక్కా అన్నది రైల్లో తెల్లారి దిగేవాళ్లు తప్పక అడగాలి. 12 లెక్కయితే ఆరు గంటలకు గది తీసుకున్నందుకు ఒక రోజు అద్దె పోతుంది. స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి రెండు గంటలకు ఒక గది ఇస్తారా అని అడిగి చూడండి, చిన్న ఊళ్లల్లో చాలామంది ఒప్పుకుంటారు. గది ఫొటో కాకుండా, ఆ రోజే తీసిన బాత్రూము వీడియో వాట్సాప్‌లో పంపమనండి. పంపిస్తే అద్దెలో నాలుగో వంతు మించకుండా అడ్వాన్సు వేసి, మిగతాది గది చూశాక ఇవ్వండి.